లోపలి చీటీ

మా షాపులో ప్రతి బట్టకీ రెండు చీటీలుంటాయి. పైచీటీ కాలరుకో నడుముపట్టీకో గుచ్చి ఉంటుంది. అందులో కొలతలు, ఇస్తామన్న తారీఖు. అది ఎవరైనా చదవచ్చు. రెండోది కింది మడతలో, గుడ్డకీ లైనింగుకీ మధ్య గుండుసూదితో గుచ్చి ఉంటుంది. దాన్ని లోపలి చీటీ అంటాం. కస్టమరుకి మేం చెప్పని సంగతి ఏదైనా ఉంటే అది అందులో ఉంటుంది.

మమ్మల్ని దొంగలనుకోకండి. పాత బట్టలు సరిచేసే పనిలో ఇలాంటివి తప్పవు. ఒకాయన పోయిన తండ్రి కోటు పట్టుకొచ్చి తనకి సరిపోయేలా చేయమంటాడు. చూస్తే భుజం దగ్గర గుడ్డ చివికి ఉంటుంది. ఆ మాట మొహం మీద చెబితే పాపం ఆయన మొహం ఇంతైపోతుంది. అందుకని చెప్పకుండా లోపల ఇంకో గుడ్డ వేసి కుట్టేస్తాం. చీటీలో "కుడి భుజం చివికింది, ఇంకోసారి విప్పితే ఉండదు" అని రాస్తాం. కింద "చెప్పలేదు" అని రాసి తారీఖు వేస్తాం. బట్ట గుమ్మం దాటేటప్పుడు చీటీ తీసి పారేస్తాం. షాపులో ఉన్నంతకాలం మాత్రం అది అందులో ఉండి తీరాలి.

ఈ పద్ధతి పెట్టింది నేనే. షాపు తెరిచిన కొత్తలో మా ఆయన ఒక టీచరుగారి గౌను ఇస్త్రీపెట్టె కింద కాల్చాడు. మచ్చ కనపడకుండా మడత వేసి కుట్టేసి, నాకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు నేను గౌను దులిపి, "ఇక్కడేదో కాలినట్టుందే" అని ఆవిడ ముందే అనేశాను. ఆవిడ మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ రోజు ఆయన మీద ఇంతెత్తున లేచాను. "ఎవరి దగ్గరైనా దాచుకోండి, నా దగ్గర మాత్రం దాచకండి. నోటితో చెప్పడం మర్చిపోతే రాసి పెట్టండి" అన్నాను. పన్నెండేళ్ళలో ఆయన ఆ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు. పెన్సిలు, చీటీల పుస్తకం ఎప్పుడూ జేబులోనే ఉంటాయి.

ఇంకో మాట. పెళ్ళయిన రోజు నుంచీ ఆయన్ని నేను "మీరు" అనేదాన్ని. ఇప్పుడు "కాల్చాడు, కుట్టాడు" అంటున్నానంటే నోరు జారి కాదు. "కాల్చారు" అనడానికి నోరు రావట్లేదు, అంతే.

ఆ వారం చలి మొదలైంది. మధ్యాహ్నం మా ఆయన నాటక కంపెనీకి వెళ్ళాడు, రాజు వేషం వేసే నటుడికి ట్రయల్ వేయించడానికి. రెండేళ్ళుగా ఆ కంపెనీ నాటకాలన్నిటికీ మేమే దుస్తులు కుడుతున్నాం. షాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. బల్ల కాస్త ఖాళీ అయ్యేసరికి, బీరువా అడుగున పడి ఉన్న నా నీలం కోటు తీశాను. రెండేళ్ళ కిందట ఆస్పత్రికి వేసుకెళ్ళిన కోటు అది. ఆపరేషన్ తర్వాత వేసుకుంటే నడుం దగ్గర బిగుతై, గాట్లు పడ్డ చోట ఒరుసుకునేది. అందుకని అవతల పెట్టేశాను. ఊళ్ళో వాళ్ళందరి కోట్లూ సరిచేసే దాన్ని, నా కోటు మీద చెయ్యి వేయడానికి రెండేళ్ళు పట్టింది. నడుం వదులు చేసి, కింది మడత రెండంగుళాలు దించుదామని కత్తెర మొనతో కుట్టు తెంపాను.

మడతలో గుండుసూది వేలికి తగిలింది. పక్కనే చీటీ.

ముందు నవ్వొచ్చింది. నా కోటులో ఏం దాచాడు ఈ మహానుభావుడు, ఎలక గానీ కొరికిందా అనుకున్నాను. మడత విప్పాను. మా షాపు చీటీయే, పైన కత్తెర బొమ్మ ఉంది. ఆయన రాతే. పెన్సిలుతో, నిలబడి తొందరలో గీకినట్టుంది.

"డాక్టరు చెప్పింది: ఎడమ అండాశయం సగం తీసేశారు. కుడిది బాగుంది. జబ్బు మళ్ళీ రావచ్చు. పిల్లలు కావాలంటే కోలుకోగానే మొదలుపెట్టాలి, మొదటి ఏడాది ముఖ్యం. ఆరు నెలల్లో రాకపోతే మళ్ళీ రావాలి. ఆలస్యం వద్దు."

దాని కింద నీలం సిరాతో, కూర్చుని తీరిగ్గా రాసిన గుండ్రటి అక్షరాలు.

"చెప్పలేదు." పక్కన తారీఖు.

మిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. బయట ఎవరో తలుపు కొట్టి, లోపల ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయారు. పెన్సిలు రాత ఒక రోజుది, సిరా రాత ఇంకో రోజుది. పెన్సిలు రాసింది నన్ను ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టిన రోజు. సిరా పక్కనున్న తారీఖు దానికి సరిగ్గా రెండు వారాల తర్వాతది. ఆ తారీఖు నాకు బాగా గుర్తు. ఆ పొద్దున నా కుట్లు తీశారు. ఆ మధ్యాహ్నమే నాటక కంపెనీ మేనేజరు వేషాల బొమ్మలు చంకన పెట్టుకుని మా షాపుకొచ్చాడు. నేను పొట్ట పట్టుకుని వంగి నడుస్తూనే ఆయనకి నా చేతి పని చూపించాను.

నాకేం జబ్బో చెప్పాలి కదా. పదిహేనో ఏట నుంచీ నెలకి మూడు రోజులు నేను మనిషిని కాను. కడుపులో ఎవరో తడిబట్ట పిండినట్టు ఉండేది. ఆడపిల్లలకి మామూలే అన్నారు, పెళ్ళయితే పోతుందన్నారు, పెళ్ళయ్యాక పిల్లలు పుడితే పోతుందన్నారు. ముప్పై మూడో ఏట ఒక రోజు షాపులో కత్తెర పట్టుకునే స్పృహ తప్పి పడ్డాను. అప్పుడు తేలింది ఎండోమెట్రియోసిస్ అని. గర్భసంచి లోపల పెరగాల్సిన పొర బయట పెరిగి, ఎడమ అండాశయం మీద గడ్డ కట్టిందట. చిన్న రంధ్రాలు పెట్టి తీసేశారు. జబ్బుకి ఒక పేరుందని తెలిసినందుకే ఏడ్చాను, నేను నటించట్లేదని రుజువైనందుకు.

కళ్ళు తెరిచాక మా ఆయన మంచం పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని చెప్పింది ఇది: "గడ్డ తీసేశారు, అంతా శుభ్రం చేశారు. నువ్వు పడుకో." కుట్లు తీసిన రోజు చెప్పింది ఇది: "ఏడాదిన్నర పాటు రోజూ ఒక మాత్ర వేసుకోవాలట. ఒళ్ళు కుదుటపడనీ. పిల్లల సంగతి ఆ తర్వాత చూద్దాం, తొందరేం లేదంది డాక్టరు."

కళ్ళు మూసుకుని నమ్మాను. ఏడాదిన్నర పాటు పొద్దున్నే టీతో పాటు ఆ తెల్లమాత్ర ఆయనే తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. నొప్పి లేదు, నెలసరి కూడా దాదాపు ఆగిపోయింది. జన్మలో మొదటిసారి సుఖంగా పని చేశాను. రాణులకీ సైనికులకీ ముసలి మంత్రులకీ కుట్టి పారేశాను. మా ఆయనలాంటి మొగుడు ఎవరికుంటాడని పక్క షాపు ఆవిడకి గొప్పలు పోయాను. అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాత్ర ఆపి ఆరు నెలలైంది. నెల నెలా ఎదురుచూపే మిగిలింది. నొప్పి మెల్లగా తిరిగొస్తోంది. "టైముందిలే" అంటాడు ఆయన. నాకు ముప్పై అయిదు నిండాయి.

ఆయన తిరిగొచ్చేసరికి కోటు మడత పైపైన కుట్టేసి బీరువాలో పెట్టేశాను. చీటీ నా జాకెట్లో ఉంది. "రాజుగారి నడుం రెండంగుళాలు పెరిగింది, రాజ్యం బాగా తింటున్నాడు" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నా నవ్వుకి నాకే భయమేసింది.

మర్నాడు పొద్దున గుండీలు కొనుక్కొస్తానని చెప్పి ఆస్పత్రికి వెళ్ళాను. ఆయనకి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు నన్ను గుర్తుపట్టలేదు. చీటీ చూపించగానే గుర్తుపట్టింది. "మీవారు కోటు చేతి మీద వేసుకుని నిలబడి రాసుకున్నారు. ఎంత శ్రద్ధ గల మనిషి అనుకున్నాను" అంది.

"నాకెందుకు చెప్పలేదు మీరు?"

"మీరు మత్తులో ఉన్నారు. మీకు చెప్పమని మీవాళ్ళతో చెప్పాను. మీవారు, మీ అక్కగారు ఇద్దరూ ఉన్నారు."

అక్కకి కూడా తెలుసన్నమాట. అప్పటిదాకా దెబ్బ ఒక్కటే అనుకున్నాను.

డాక్టరు పాత ఫైలు తెప్పించి తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగింది. అక్కడ ఆగడమే నాకు నచ్చలేదు. "చదవండి" అన్నాను.

"కుట్లు తీసిన రోజు మా జూనియర్ రాసింది. 'ఇప్పట్లో పిల్లలు వద్దనుకుంటున్నారు, భర్త చెప్పారు.' అందుకే ఆ మాత్ర ఇచ్చారు. అది జబ్బు తిరిగి రాకుండా ఆపుతుంది. మంచి మందే. కానీ వేసుకున్నంత కాలం గర్భం వచ్చే అవకాశం దాదాపు ఉండదు."

నేను పక్క గదిలో కుట్లు తీయించుకుంటుంటే ఇక్కడ ఈ మాట నడిచింది. ఒక గోడ అడ్డం, అంతే.

"భర్త చెప్పారు అని రాశారు. భార్యని అడిగామని ఎక్కడైనా రాశారా?"

ఆవిడ మళ్ళీ పేజీ చూసింది, లేదని తెలిసి కూడా. "అడగాల్సింది" అంది.

"మీరు నాకు తప్ప అందరికీ చెప్పారు డాక్టరుగారూ. నా కోటుకి కూడా చెప్పారు."

ఆవిడ ఫైలు మూసేసింది. ఆ రోజే స్కాను తీయించింది, రక్తం తీయించింది. నాలుగో రోజు మళ్ళీ వెళ్ళాను, ఈసారి దారాలు కొనే వంకతో. ఆవిడ ఈసారి నీళ్ళు నమలకుండా చెప్పింది. కుడివైపు కొత్త గడ్డ మొదలైంది. అండాల నిల్వ నా వయసుకి ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువగా ఉంది. రెండేళ్ళ కిందట ప్రయత్నించి ఉంటే తప్పకుండా బిడ్డ పుట్టేదని తను చెప్పలేదట, అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరట. అవకాశం మాత్రం ఇప్పటికన్నా మెరుగ్గా ఉండేదట. ఇప్పుడు చేయగలిగింది, ఆలస్యం చేయకుండా ఉన్న అండాలు తీసి, ఫ్రీజ్ చేసి దాచడం.

"రెండు దారులున్నాయి" అంది. "మీవారితో కలిపి పిండంగా దాచవచ్చు. తర్వాత ఎంత వరకు నమ్మవచ్చో మనకి ముందే కాస్త తెలుస్తుంది. కానీ ఇద్దరి సంతకాలు కావాలి, వాడుకునేటప్పుడు కూడా. ఒట్టి అండాలుగా దాస్తే మీ ఒక్కరి సంతకం చాలు. వాటిలో ఎన్ని నిలుస్తాయో వాడినప్పుడు గానీ తెలీదు."

కాగితాలు రెండు రకాలూ ఇచ్చింది. సంచిలో దారం ఉండల మధ్య పెట్టుకున్నాను.

అక్కతో నాకు పధ్నాలుగు నెలలుగా మాటల్లేవు. తను పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేస్తుంది. ఆపరేషన్ అయ్యాక ప్రతి నెలా మొదటి వారంలో ఫోన్ చేసేది. ఆరోగ్యం అడిగేది, వాతావరణం అడిగేది, చివర్లో గొంతు తగ్గించి, "ఏమన్నా విశేషమా?" అనేది. మొదట్లో నవ్వి ఊరుకున్నాను. నెల నెలా అదే పాట. మా ఆయన, "మీ అక్కకి నోరూరుకోదు. నీకు ఆందోళన మంచిది కాదు, కొన్నాళ్ళు ఫోన్ ఎత్తకు" అనేవాడు. ఒక రోజు ఎత్తి మరీ అన్నాను, "నీకింకేం పనిలేదా? నా కడుపు మీద కన్నేసుకుని కూర్చున్నావా?" అని. అక్క ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు.

ఆస్పత్రి నుంచి నేరుగా పోస్టాఫీసు వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాను. భోజనాల వేళ. అక్క మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీస్తోంది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది. నేను పలకరింపు కూడా లేకుండా చీటీ తన ఒళ్ళో పడేశాను.

"ఇది నీకు తెలుసా?"

చదివింది. "తెలుసు. నా ముందే కదా డాక్టరు చెప్పింది. ఏం?"

"ఏం అంటావా? రెండేళ్ళు నా దగ్గర దాచి, ఏం అంటావా?"

అక్క నా మొహం చూసింది. మళ్ళీ చీటీ చూసింది. చివరి మాట ఇప్పుడు చదివినట్టుంది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు తెలీదా?" అంది. "ఒసే, నీకు తెలుసని చెప్పాడే మరిది. 'తనకి అంతా చెప్పాను వదినా. ఆ మాట ఎత్తితే చాలు కుమిలిపోతోంది, దయచేసి మీరెవరూ ఎత్తకండి' అన్నాడు. ఎత్తకుండా ఎలా అడగాలో తెలిసి చావక విశేషమా, విశేషమా అని వేపుకుతిన్నాను. ఏడాది గడిచిపోతోందే, ఇది డాక్టరు దగ్గరికన్నా వెళ్తోందా లేదా అని నాకు నిద్ర పట్టేది కాదు. నువ్వేమో కన్నేసుకుని కూర్చున్నావన్నావు."

అక్కడ నేను ఏడ్చాను. చీటీ దొరికిన రోజు ఏడవలేదు, డాక్టరు ముందు ఏడవలేదు. అక్క ఏడవలేదు, తిట్టింది. నన్నూ, ఆయన్నీ, తననీ కలిపి తిట్టింది. "ఒక్కసారి గట్టిగా అడిగితే పోయేది కదా, మర్యాద అని నోరు కట్టుకున్నాను, మొద్దుదాన్ని" అంది. తన డబ్బాలోది సగం నాకు పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు.

నా దగ్గర నిజం దాచడమే కాకుండా, ఆ నిజం నా చెవిన వేయగల ఒక్క మనిషినీ నా చేతే వెళ్ళగొట్టించాడు. అదీ నా క్షేమం కోరుతున్నట్టు మొహం పెట్టి. మొదటిది భయంతో చేశాడనుకున్నా, రెండోదానికి నాకు ఏ పేరూ దొరకలేదు.

షాపుకి తిరిగొచ్చేసరికి ఆయన రాజుగారి అంగరఖా ఇస్త్రీ చేస్తున్నాడు. ఆవిరి మొహం నిండా. "దారాలు తెచ్చావా? బంగారు రంగుది దొరికిందా?" అన్నాడు. నేను బీరువాలోంచి కోటు తీసి, ఆయన ముందు బల్ల మీద పరిచి, కింది మడత కుట్టు చర్రున లాగేశాను. దాని మీద చీటీ పెట్టాను.

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్చి ఆపాడు. ఎంత కొంప మునిగినా బట్ట కాలనివ్వకూడదు కదా. ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెబుదామనే అనుకున్నాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"కుట్లు తీసిన రోజే. ఆ రోజు మేనేజరు వస్తానని పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆయన ఆర్డరిచ్చేది నీ చేతి పని చూసి. జరీ పని, అద్దాలు, పూసలు, అవి నా వల్ల కావని నీకు తెలుసు. నువ్వు కడుపుతో ఉండి మంచాన పడితే ఆ పని ఎవరు చేస్తారు? ఒక్క ఏడాది నిలదొక్కుకుంటే చాలనుకున్నాను. మనకోసమే."

"ఏడాది తర్వాత?"

తల దించుకున్నాడు. "అప్పటికి ఏడాది అయిపోయింది. చెబితే నువ్వు ఊరుకోవుగా."

"మా అక్క సంగతేంటి?"

 చాక్ ముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. పన్నెండేళ్ళుగా ఆ వేళ్ళు చూస్తున్నాను. గుడ్డ మీద ఒక్క వంకర గీత గీయని వేళ్ళు.

"నేను రాసి పెట్టాను" అన్నాడు, చాలా మెల్లగా. "నువ్వే అన్నావు కదా, చెప్పలేకపోతే రాసి పెట్టమని. రాసి నీ కోటులోనే పెట్టాను. చలికాలం వచ్చినప్పుడల్లా తీస్తావేమోనని గుండె పీచు పీచుమనేది. తీస్తే బాగుండునని కూడా అనిపించేది."

"అంత భయముంటే చించి పారేయచ్చుగా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "బట్ట ఇంకా షాపు దాటలేదు కదా" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను నిలువునా కాల్చింది. ఆ చీటీ రాసి, సూది గుచ్చి, పద్ధతి ప్రకారం తన వంతు అయిపోయిందనుకున్నాడు. నాకు చెప్పినట్టే అనుకుని రెండేళ్ళు నా పక్కన హాయిగా గురకపెట్టాడు.

"చెప్పలేదు అని మనం ఎవరి గురించి రాస్తాం?" అని అడిగాను.

ఆయన వేళ్ళ మధ్య చాక్ ముక్క తిరగడం ఆగింది.

"కస్టమరు గురించి. నేను నీకు కస్టమర్ని. ఈ రెండేళ్ళూ నాకు ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో కౌంటరు వెనక నిలబడి చూసుకున్నావు. ఆ మాత్ర నా చేతిలో పెట్టిన ప్రతి పొద్దునా చూసుకున్నావు."

"నువ్వు" అన్నానని ఇద్దరికీ వినిపించింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. చీటీ చూసినప్పుడు కూడా అంత ఉలిక్కిపడలేదు.

"ఇప్పుడైనా వెళ్దాం" అన్నాడు. "ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఏం కాగితాలున్నా సంతకం పెడతాను."

సంచిలో ఆ కాగితాలున్నాయి. ఇద్దరి సంతకాలవి ఒక రకం, ఒక్కరి సంతకంవి ఇంకో రకం. డాక్టరు చెప్పినదాన్ని బట్టి ఆయన సంతకంతో నాకు మేలే. అది తెలిసే ఆలోచించాను, కాసేపు నిజంగానే ఆలోచించాను. బిడ్డ కోసం ఏ గడ్డి కరవడానికైనా సిద్ధంగా ఉన్నదాన్ని. కానీ రేపు ఆ బిడ్డ కావాలంటే ప్రతిసారీ ఈ మనిషి పెన్ను తీసేదాకా ఎదురుచూడాలి. ఏ ఆర్డరు వచ్చిందో, ఏది చెప్పలేదో అని ఆయన మొహంలో వెతుక్కోవాలి. ఒక్కరి సంతకం కాగితం తీసి, రాజుగారి అంగరఖా పక్కనే పెట్టి, ఆయన చూస్తుండగా నా పేరు రాశాను.

"మరి పని?" అన్నాడు. నోట్లోంచి జారిపోయింది పాపం. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"బంగారు రంగు దారం దొరకలేదు" అని చెప్పి, కోటు భుజాన వేసుకుని బయటికొచ్చాను.

ఆ తర్వాత రెండు వారాలు అక్క ఇంట్లో ఉన్నాను. రోజూ పొట్ట మీద సూదులు. అక్కకి సూది అంటే చచ్చే భయం, చిన్నప్పుడు గుండీ కూడా నా చేతే కుట్టించుకునేది. అలాంటిది కళ్ళద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నాకు పొడిచేది. పొడిచాక తనే "అబ్బా" అనేది. మా ఆయన మూడుసార్లు వచ్చాడు. రెండుసార్లు అక్క గుమ్మంలోంచే పంపేసింది. మూడోసారి నేనే వెళ్ళి, షాపు బీరువా తాళం చెవి ఇచ్చి పంపించాను.

అండాలు తీసే రోజు అక్క సెలవు పెట్టింది. నా కోటు తన చేతి మీద వేసుకుని కారిడార్లో కూర్చుంది. నేను దాని నడుం వదులు చేశాను, మడత రెండంగుళాలు దించాను. ఇప్పుడు ఎక్కడా ఒరుసుకోవట్లేదు.

మెలకువ వచ్చేసరికి నోరు ఎండిపోయి ఉంది. తెరకి అవతల నర్సు ఎవరితోనో అంటోంది, "పేషెంటు ఇంకా మత్తులోనే ఉంది. వాళ్ళక్కగారు బయట ఉన్నారు, ఆవిడకి చెప్పేయండి డాక్టరుగారూ."

"ఆగండి" అన్నాను. వాళ్ళకి వినపడలేదు. మంచం పక్కనున్న స్టీలు గ్లాసు చేత్తో తోసేశాను. అది ఖంగున కింద పడింది. ఇద్దరూ తెర తీసుకుని వచ్చారు.

"నాకే చెప్పండి" అన్నాను. "మత్తు దిగేదాకా కూర్చోండి, లేదా మళ్ళీ రండి. ముందు నాకే."

పెద్ద డాక్టరు నర్సుని పంపేసి కుర్చీ లాక్కుంది. ముప్పావు గంట కూర్చుంది. మధ్యలో ఎవరో పిలవడానికొస్తే చేత్తోనే వెళ్ళమంది. నేను లేచి కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఆ రోజు ఏ వారమో సరిగ్గా చెప్పాక అప్పుడు చెప్పింది.

"మూడు దొరికాయి. దాచడానికి పనికొచ్చేది ఒకటి. ఒక్కదాని మీద ఆశ పెట్టుకోమని నేను చెప్పను. ఇంకోసారి, వీలైతే ఇంకో రెండుసార్లు ప్రయత్నించాలి. అప్పుడు కూడా హామీ లేదు."

మూడులో ఒకటి. రెండేళ్ళ కిందట ఎన్ని ఉండేవో ఎవరికీ తెలీదు, ఇక తెలీదు కూడా. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది ఇంకా చాలాకాలం నాతో ఉంటుందని కూడా తెలిసింది. "థాంక్సండీ" అని, అక్కని పిలవమన్నాను.

అక్క రాగానే నోరు తెరిచి, అడగబోయి, ఆపుకుంది. తను చేతి మీద మోస్తున్న కోటు జేబులోంచి పాత చీటీ, దాని గుండుసూది తీశాను. డాక్టరు పెన్ను అడిగి తీసుకుని, వెనక వైపు రాశాను: "ఒకటి ఉంది. మళ్ళీ ప్రయత్నించాలి. హామీ లేదు." కింద "చెప్పారు" అని రాసి, తారీఖు వేశాను. అక్షరాలు వంకరపోయాయి. గుండుసూదితో కోటు కాలరుకి గుచ్చాను, పైచీటీ ఉండే చోట.

అక్క అది చదివి, ముక్కు తుడుచుకుని, కోటు నాకు తొడిగింది. ఒక్కో గుండీ తనే పెట్టింది. కాలరు దగ్గరికొచ్చాక ఆగింది.

"ఇలాగే రోడ్డు మీదికొస్తావా? అందరూ చదువుతారే."

"చదవనీ" అన్నాను.